మీ ఇంట్లో లేడికూన ఉందా?

స్కూల్లో పేరెంట్స్ మీటింగు. ప్రోగ్రెస్ కార్డు చేతికిస్తూ టీచరుగారు అంటారు: "మీ అమ్మాయి బాగానే చదువుతుందండీ. అల్లరి లేదు, గొడవ లేదు. కాకపోతే మరీ మెత్తన. సమాధానం తెలిసి కూడా నోరు విప్పదు. పక్క బెంచీ వాళ్లని కోప్పడితే ఈ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంటుంది." మార్కులు చూసి సంతోషించాలో, ఆ 'కాకపోతే' తలచుకుని దిగులు పడాలో తెలియక మీరు ఇంటిదారి పడతారు.

ఇంటికొచ్చాక మీ అత్తగారు తేలిగ్గా తీసి పారేస్తారు: "ఆడగుంట మెత్తగుంటే ఏటైపోతాదిప్పుడు?" మీవారు మాత్రం ఊరుకోరు. "పదో తరగతి అయ్యాక వైజాగులో హాస్టల్లో వెయ్యాలి. అక్కడెలా నెగ్గుకొస్తుంది?" అంటారు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఇద్దరి మాటలతోనూ మీ దిగులు మాత్రం తీరదు. అవునా?

ఇలాంటి పిల్లల గురించే ఈ వారం మాట్లాడుకుందాం. వీళ్లకి మనమొక ముద్దుపేరు పెట్టుకుందాం: లేడికూన. చిన్న అలికిడికే చెవులు రిక్కించేది, గట్టిగా అరిస్తే బిగుసుకుపోయేది, మంచిగా పిలిస్తే మెల్లగా దగ్గరికొచ్చేది. మీ ఇంట్లో అలాంటి కూన ఉంటే ఈ వ్యాసం మీకోసమే. మీ ఇంట్లో లేకపోతే మీ చెల్లెలింట్లోనో, పక్కింట్లోనో తప్పకుండా ఉంటుంది.

జంతువుల పేర్లు మనకు కొత్తా?

కొత్తేమీ కాదు. మనిషి స్వభావాన్ని జంతువుతో పోల్చడం మనకి ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. చదువుకునేవాడికి కాకికున్న పట్టుదల, కొంగకున్న ఏకాగ్రత, కుక్కకున్న తేలిక నిద్ర ఉండాలని పెద్దలు చెబుతూ వచ్చారు. పెళ్లి సంబంధం కుదిరేటప్పుడు పంచాంగం తీసి 'యోని పొంతన' చూస్తారు కదా, అందులో ప్రతి నక్షత్రానికీ ఒక జంతువుంది. అశ్వినికి గుర్రం, భరణికి ఏనుగు, చిత్తకి పులి, అనూరాధకీ జ్యేష్ఠకీ లేడి. తమాషా ఏమిటంటే, మృగశిర అంటేనే 'లేడి తల' అని అర్థం. కానీ ఆ నక్షత్రానికి పంచాంగం ఇచ్చిన జంతువు పాము! కనుక మీ పిల్ల మృగశిరలో పుట్టింది కాబట్టి బెదురుపిల్ల అయిందని అనుకోనక్కర్లేదు. ఆ పట్టిక పెళ్లి పొంతనల కోసం, పిల్లల స్వభావం తేల్చడానికి కాదు. జపాన్‌లో కూడా 1990ల చివర్లో జంతువుల పేర్లతో చెప్పే జాతకం ఒకటి బాగా ప్రచారంలోకి వచ్చింది. వాళ్ల 12 జంతువుల్లో లేడికూన కూడా ఒకటి. అదీ కాలక్షేపానికే.

వీటన్నిటికంటే ఆలోచించదగ్గది జైనుల 'నందీసూత్రం'లో ఉంది. గురువు దగ్గర చదువు వినే శిష్యులు ఎన్ని రకాలో అందులో పోలికలతో చెప్పారు. గేదె చెరువులోకి దిగిందంటే నీళ్లన్నీ బురద చేస్తుంది. తనూ తాగదు, ఇంకొకళ్లనీ తాగనివ్వదు. కొందరు శిష్యులు అలాంటివాళ్లు. గొర్రె అలా కాదు. చిన్న గుంటలో ఉన్న కాసిని నీళ్లని కూడా కలత పెట్టకుండా, మోకాళ్ల మీద వంగి మెల్లగా తాగుతుంది. అది మంచి శిష్యుడికి పోలిక! దోమ కుట్టి నొప్పి పుట్టిస్తుంది, జలగ నొప్పి తెలియకుండా తనకి కావలసింది తీసుకుంటుంది. అక్కడా మార్కులు జలగకే.

చూశారా? మన క్లాసురూముల్లో 'గొర్రె' అంటే తిట్టు. ఆ పాత గ్రంథంలో మెత్తగా, ఎవరినీ నొప్పించకుండా నేర్చుకునే గొర్రె ఆదర్శ విద్యార్థి. ఒకే జంతువు ఒకరి నోట తిట్టయింది, మరొకరి నోట మెప్పయింది. జంతువులో లోపమేమీ లేదు, చూసే చూపులోనే ఉంది.

లేడి అంటే పిరికిదేనా?

"లేడికి లేచిందే పరుగు" అని సామెత. అందుకని లేడి అంటే వట్టి పిరికిదని అనుకుంటాం. పిల్లల్ని విశాఖ జూకి తీసుకెళ్లినప్పుడు జింకల దగ్గర కాస్సేపు నిలబడి చూడండి. మేస్తూనే ఉంటాయి, చెవులు మాత్రం నాలుగు దిక్కులా తిరుగుతుంటాయి. అడవిలో చుక్కల దుప్పి పులి జాడ పసిగట్టిందంటే కాలు నేలకేసి కొట్టి, అరిచి మందంతటినీ హెచ్చరిస్తుంది. మందకి ఆ చెవులే కాపలా. ఆంధ్రప్రదేశ్ తన రాష్ట్ర జంతువుగా కృష్ణజింకను పెట్టుకుంది, తెలంగాణ జింకను ఎంచుకుంది. పిరికిదైతే రెండు రాష్ట్రాలూ దాన్ని నెత్తిన పెట్టుకునేవా?

చిన్నయసూరి 'నీతిచంద్రిక'లో మిత్రలాభం మనలో చాలామంది బళ్లో చదువుకున్నదే. కాకి, ఎలుక, తాబేలు కబుర్లాడుకుంటుంటే లేడి బెదిరిపోయి పరిగెత్తుకుంటూ వస్తుంది. ఆ మిత్రులు దాన్ని వెక్కిరించలేదు, దగ్గరికి తీసుకున్నారు. చివరికి తాబేలు వేటగాడి చేతికి చిక్కినప్పుడు ఏం జరిగింది? ఆ బెదురు లేడే నీటి ఒడ్డున చచ్చినట్టు పడుకుని, వేటగాణ్ణి తనవైపు తిప్పుకుంది. మిత్రుణ్ణి కాపాడింది. దగ్గరకు తీసుకునేవాళ్లు దొరికితే లేడి ఎంత సాహసమైనా చేస్తుందని మన కథలకి ఎప్పుడో తెలుసు.

శాస్త్రం ఏమంటోంది?

కథలు సరే, మానసిక శాస్త్రం ఏమంటుందో చూద్దాం. ఎలైన్ ఆరన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1996లో ఒక పుస్తకం రాశారు. కొందరి నరాల వ్యవస్థ పుట్టుకతోనే ఎక్కువ చురుకైనదనీ, చుట్టూ ఉన్నదాన్ని వాళ్లు ఎక్కువగా గ్రహిస్తారు, ఎక్కువ లోతుగా ఆలోచిస్తారు, తొందరగా అలసిపోతారనీ అందులో చెప్పారు. దీన్ని 'అతి సున్నితత్వం' అందాం. ఇది జబ్బు కాదు, లోపమూ కాదు. కొందరు పొడుగ్గా, కొందరు పొట్టిగా పుట్టినట్టే ఇదీ ఒక పుట్టు లక్షణం. ప్రతి అయిదుగురిలో ఇంచుమించు ఒకరు ఇలా ఉంటారని ఆవిడ అంచనా. ఆడపిల్లల్లో, మగపిల్లల్లో సమానంగానే ఉంటుందనీ అన్నారు. పిల్లల గురించి 2002లో విడిగా మరో పుస్తకం రాశారు.

ఆ తరువాత వచ్చిన పరిశోధకులు ఇంకో సంగతి చేర్చారు. సున్నితత్వం 'ఉంది, లేదు' అని గీత గీసి చెప్పేది కాదు, అందరిలోనూ ఎంతో కొంత ఉంటుంది. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో సుమారు 31 శాతం మంది బాగా సున్నితమైనవాళ్లుగా, 40 శాతం మంది మధ్యరకంగా, 29 శాతం మంది అంతగా చలించనివాళ్లుగా తేలారు. అంటే మీ అమ్మాయి ఒంటరిది కాదు. నలభైమంది ఉన్న క్లాసులో ఇలాంటివాళ్లు కనీసం ఏడెనిమిదిమంది ఉంటారు. నోరు విప్పరు కాబట్టి లెక్కలోకి రారు, అంతే.

థామస్ బాయిస్ అనే పిల్లల డాక్టరు ఇంకో పోలిక చెప్పారు. కొందరు పిల్లలు ఎక్కడ పడితే అక్కడ మొలిచే గడ్డిపూల వంటివాళ్లట, కొందరు ఆర్కిడ్ పూల వంటివాళ్లట. మన భాషలో చెప్పాలంటే ఒకరు తుమ్మచెట్టు, ఒకరు తమలపాకు తీగ. తుమ్మచెట్టు ఎండలో, బీడులో, ఎక్కడైనా బతుకుతుంది. తమలపాకు తీగకి నీడ కావాలి, తడి కావాలి. అవి లేకపోతే వాడిపోతుంది, ఉంటే తోటకే అందం. ఇక్కడే అసలు కిటుకు ఉంది. సున్నితమైన పిల్లలు చెడు వాతావరణంలో మిగతావాళ్ల కంటే ఎక్కువ దెబ్బతింటారు. మంచి వాతావరణంలో మిగతావాళ్ల కంటే ఎక్కువ బాగుపడతారు కూడా. స్టీఫెన్ సువోమి అనే శాస్త్రజ్ఞుడు కోతులతో చేసిన ప్రయోగాల్లో ఇదే కనిపించింది. పుట్టుకతో బెదురుగా ఉన్న కోతిపిల్లల్ని మంచి ఓర్పుగల పెంపుడు తల్లుల దగ్గర పెంచితే, అవి పెద్దయ్యాక గుంపులో పైస్థానానికి చేరాయి. ఇంగ్లండులో 11 ఏళ్ల ఆడపిల్లలకి దిగులును తట్టుకోవడం నేర్పే పాఠాలు స్కూల్లో చెబితే, వాటివల్ల బాగా మేలు పొందింది సున్నితమైన పిల్లలేనని 2015లో వెలువడిన ఒక పరిశోధన చెప్పింది.

ఊరూ, కాలం కూడా

ఒక పిల్లని 'మంచిపిల్ల' అంటామో, 'చేతకాని పిల్ల' అంటామో అది ఆ పిల్ల ఒక్కదాని మీదే ఆధారపడదు. షిన్యిన్ చెన్ అనే పరిశోధకుడు చైనాలో 1990లోనూ, 1998లోనూ, 2002లోనూ స్కూలు పిల్లల్ని పరిశీలించారు. 1990లో బిడియంగా, సున్నితంగా ఉండే పిల్లల్ని తోటివాళ్లు ఇష్టపడ్డారు, టీచర్లు మెచ్చుకున్నారు. 2002 నాటికి అలాంటి పిల్లల్నే తోటివాళ్లు దూరం పెట్టారు, ఆ పిల్లల్లో దిగులు కనిపించింది. పిల్లల స్వభావం పన్నెండేళ్లలో మారిపోదు కదా? మారింది చుట్టూ ఉన్న కాలం. పోటీ పెరిగి, గట్టిగా మాట్లాడేవాడిదే రాజ్యమయింది.

ఇది చదువుతుంటే మన ఊళ్లు గుర్తుకు రావడం లేదూ? చోడవరం సంగతే తీసుకోండి. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. చుట్టూ చెరుకు తోటలు, బెల్లం గానుగలు, ఊళ్లో స్వయంభూ వినాయకుడి గుడి. ఇలాంటి ఊళ్లో మెత్తని పిల్లకి నీడ దొరికేది. నాయనమ్మ కొంగు, మేనత్త ఇల్లు, పేరుపెట్టి పిలిచే మాస్టారు, పుట్టినప్పటినుంచీ ఎరిగిన స్నేహితులు. ఇవన్నీ ఉన్నప్పుడు "ఆ గుంట మెత్తన, ఏటీ అనకండి" అంటే సరిపోయేది. పదో తరగతి అయ్యేసరికి అదే పిల్ల విశాఖపట్నంలో వందలమంది ఉన్న హాస్టల్లో, వారం వారం పరీక్షలతో, ర్యాంకుల జాబితాలతో, తెల్లవారుజామునే మోగే గంటతో బతకాలి. తమలపాకు తీగని నీడలోంచి తీసి ఒక్కరోజులో ఎండలో నాటినట్టు. వాడితే తప్పు తీగదా?

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు. విశాఖపట్నంలో 2023లో జరిగిన ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ, విద్యాసంస్థలకీ కోచింగ్ సెంటర్లకీ హాస్టళ్లకీ దేశమంతటా వర్తించేలా 15 మార్గదర్శకాలు విధించింది. మార్కుల్ని బట్టి పిల్లల్ని వేరు వేరు బ్యాచీలుగా విడగొట్టకూడదు. నలుగురిలో అవమానించకూడదు. 100 మంది గానీ అంతకంటే ఎక్కువమంది గానీ విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలరు ఉండాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు మానసిక ఆరోగ్యంపై శిక్షణ ఇవ్వాలి. అంతకుముందే, 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని స్కూల్లో కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ఈ సంగతులు తల్లులకు తెలిసి ఉండాలి. అడగడం మన హక్కు.

మీ పిల్ల లేడికూనేనా?

కింది ప్రశ్నలకి 'అవును', 'కాదు' అని జవాబు చెప్పుకోండి. ఇది పరీక్ష కాదు, మీ పిల్లని ఇంకొంచెం దగ్గరగా చూడడానికి ఒక సాయం.

1. మిక్సీ చప్పుడు, బాణసంచా, పెళ్లి బ్యాండు వినిపిస్తే చెవులు మూసుకుంటుందా?
2. చొక్కా కాలరు దగ్గర లేబులు, కొత్త యూనిఫారం గరుకు, సాక్సు కుట్టు గుచ్చుకుంటున్నాయని గొడవ చేస్తుందా?
3. మీరు ఏమీ చెప్పకుండానే "అమ్మా, నీ ఒంట్లో బాలేదా?" అని అడుగుతుందా?
4. ఇంకెవరినో తిట్టినా తననే తిట్టినట్టు ముడుచుకుపోతుందా?
5. కొత్త చోటికి వెళితే ముందు ఓ మూల నిలబడి అంతా గమనించి, తరువాతే ఆటలోకి దిగుతుందా?
6. వయసుకి మించిన ప్రశ్నలు వేస్తుందా? పడుకోబోయే ముందు వేస్తుందా?
7. ఇంట్లో ఎంతో బాగా అప్పజెప్పిన పద్యం క్లాసులో అందరి ముందూ మరిచిపోతుందా?
8. స్కూలు నుంచి రాగానే కారణం లేకుండా చిరాకు పడుతుందా, ఏడుస్తుందా?
9. కోడిని కోయడం చూసినా, టీవీలో ప్రమాదం వార్త చూసినా రోజుల తరబడి తలచుకుంటుందా?

ఎక్కువ వాటికి 'అవును' అని వస్తే మీ ఇంట్లో ఉన్నది లేడికూనే. రెండు మూడింటికే వస్తే ఆ రెండు మూడు విషయాల్లో జాగ్రత్తపడితే చాలు.

ఇంట్లో ఏం చేయాలి?

బడి నుంచి రాగానే ప్రశ్నలు వద్దు. "ఏం చెప్పారు? ఎన్ని మార్కులొచ్చాయి? డబ్బా తిన్నావా?" అని గుమ్మంలోనే మొదలుపెట్టకండి. రోజంతా చప్పుళ్లు, మాటలు, ముఖాలు ఆ చిన్న బుర్రలో నిండిపోయి ఉంటాయి. కాళ్లు కడుక్కుని ఏదైనా తిననివ్వండి, అరగంట తన మానాన వదిలేయండి. తరువాత తనే చెబుతుంది. వంటింట్లో చిక్కుళ్లు ఒలుస్తూనో, బియ్యం ఏరుతూనో పక్కపక్కన కూర్చుంటే ఈ పిల్లల నోట మాటలు తేలిగ్గా వస్తాయి. ఎదురుగా కూర్చోబెట్టి కళ్లలోకి చూస్తూ అడిగితే రావు.

చిన్న బాధలని కొట్టిపారేయకండి. గుచ్చుకునే లేబులు కత్తెరతో తీసేయడానికి ఒక నిమిషం పడుతుంది. కొత్త యూనిఫారం రెండుమూడుసార్లు ఉతికి మెత్తబడ్డాక వేయండి. "నాటకాలాడకు" అంటే ఆ పిల్ల నేర్చుకునేది ఒక్కటే, తన బాధ ఎవరికీ చెప్పకూడదని.

తప్పు చేస్తే మందలించండి, కానీ మెల్లగా. ముద్దు చేసి వదిలేయమని ఎవరూ అనరు. ఈ పిల్లలకి తప్పు తెలియాలంటే కేకలు అక్కర్లేదు. గొంతు పెంచగానే భయం చెవుల్ని మూసేస్తుంది, మీరు చెప్పింది ఒక్కటీ లోపలికి వెళ్లదు. పక్కకి పిలిచి, ఒక్కసారి, తగ్గు గొంతుతో చెప్పండి. చుట్టాల ముందు మాత్రం వద్దు.

తన తరఫున మీరు మాట్లాడేయకండి. ఇది అన్నిటికంటే కష్టమైన పాఠం. "పేరేంటమ్మా?" అని ఎవరైనా అడగ్గానే పిల్ల నోరు తెరిచేలోపే మనం చెప్పేస్తాం, పైగా "మా పిల్లకి సిగ్గండీ" అని కలుపుతాం. హార్వర్డు విశ్వవిద్యాలయంలో జెరోమ్ కాగన్ బృందం పసితనం నుంచే బెదురుగా ఉన్న పిల్లల్ని ఏళ్ల తరబడి పరిశీలించింది. ప్రతి చిన్న కష్టం నుంచీ తల్లులు అతిగా కాపాడిన పిల్లల్లోనే ఆ బెదురు ఎక్కువగా నిలిచిపోయింది. మెల్లగా, ఓర్పుగా కొత్తవి అలవాటు చేసిన ఇళ్లలో తగ్గింది. కనుక మెట్లు కట్టండి. ఈ వారం పక్కింటికి వెళ్లి పెరుగు తోడు అడిగి తేవాలి. వచ్చే వారం వీధి చివర కొట్టులో పావుకిలో పంచదార కొనాలి. ఆపై వారం ఆటో మనిషితో తనే బేరమాడాలి, మీరు పక్కన ఉంటారు అంతే.

ముందుగా చెప్పండి, ఒక పని అప్పగించండి. పెళ్లికి తీసుకెళ్తుంటే ఎవరెవరు వస్తారు, ఎంతసేపుంటాం, అలసిపోతే ఎక్కడ కూర్చోవచ్చు అన్నది ఇంట్లోనే చెప్పండి. అక్కడ పసుపు కుంకుమ పళ్లెం పట్టుకోవడమో, పన్నీరు చల్లడమో అప్పగించండి. ఊరికే నిలబడమంటే బిగుసుకుపోయే పిల్ల, చేతిలో పని ఉంటే హాయిగా నలుగురిలో తిరుగుతుంది.

నిద్ర తగ్గనివ్వకండి. నిద్ర చాలని రోజున మామూలు పిల్ల చిరాకు పడుతుంది, లేడికూన కుప్పకూలుతుంది. పడుకునే ముందు టీవీ వార్తలు, ఫోను కట్టిపెట్టండి.

ఇవన్నీ ఒక్కరోజులో ఫలించవు. మాడుగుల హల్వా చేసేవాళ్లనడగండి. గోధుమపాలు తీసి, సన్నసెగ మీద కలుపుతూనే ఉండాలి తప్ప తొందరపడి మంట పెంచితే అడుగంటుతుంది. ఈ పిల్లల పెంపకమూ అంతే.

మగపిల్లాడైతే...

ఆడపిల్ల మెత్తగా ఉంటే 'బుద్ధిమంతురాలు' అంటారు. అదే మగపిల్లాడైతే? "ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా!" వాడికి రెండు బాధలు. ఒకటి అసలు బాధ, రెండోది ఆ బాధ పడ్డందుకు సిగ్గు. "మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి" అన్న సామెత క్లాసులో వెనక బెంచీవాళ్లకి బాగా తెలుసు. మీవారికి ఈ సంగతి నిదానంగా చెప్పండి. తండ్రి ఒక్కసారి భుజం మీద చెయ్యి వేసి "నాకూ చిన్నప్పుడు ఇలాగే ఉండేదిరా" అంటే, తల్లి పదిసార్లు ఓదార్చినదానికంటే ఆ కొడుక్కి ఎక్కువ ధైర్యం.

టీచరుగారితో ఎలా మాట్లాడాలి?

ఫిర్యాదుగా కాదు, సాయం అడిగినట్టు మాట్లాడండి. "మీరు అందరి మీదా అరుస్తున్నారట" అంటే తలుపు మూసుకుపోతుంది. దానికి బదులు ఇలా అనవచ్చు: "టీచరుగారూ, మా పిల్ల మీ క్లాసు గురించి ఇంట్లో చెబుతూనే ఉంటుంది. లేపి అడిగితే మాత్రం కంగారుపడి మరిచిపోతుంది. రేపు ఏ ప్రశ్న అడుగుతారో ముందురోజు చెబితే నేను ఇంట్లో చెప్పించి పంపుతాను." ఇంకో రెండు మాటలు కూడా అడగొచ్చు. పదిమంది గుంపులో కాకుండా ఇద్దరు ముగ్గురి జట్టులో వేయమని, లైబ్రరీ పుస్తకాలో మొక్కలకు నీళ్లో ఏదైనా చిన్న బాధ్యత ఇవ్వమని. ఏ టీచరుకైనా నలభైమందిలో ఒక పిల్ల గురించి తెలిసిన తల్లి రావడం మేలే.

హాస్టలుకి పంపక తప్పకపోతే

ముందు ఒక్కసారి ఆలోచించండి. ఊళ్లోనో, అనకాపల్లిలోనో ఇంటి నుంచి వెళ్లొచ్చే కాలేజీ ఉంటే, ఇంటి అన్నం తిని, ఇంట్లో నిద్రపోయిన పిల్ల వెనకబడుతుందని ఎక్కడా రాసి లేదు. పంపాలనే నిర్ణయించుకుంటే ఏడాది ముందునుంచే రిహార్సల్ వేయండి. ముందు పిన్ని ఇంట్లో ఒక రాత్రి, తరువాత మూడు రోజులు, వేసవిలో వారం. తన బట్టలు తను ఉతుక్కోవడం, పెట్టెకి తాళం వేసుకోవడం, నచ్చనిదానికి 'వద్దు' అనడం ఇంట్లోనే నేర్పండి.

చేర్చేముందు కాలేజీ వాళ్లని నిలదీసి అడగండి. గదికి ఎంతమంది? రాత్రి ఎన్నింటికి దీపాలు ఆర్పుతారు? కౌన్సెలరు ఉన్నారా, వారిని పిల్లలు ఎప్పుడు కలవచ్చు? మార్కుల్ని బట్టి సెక్షన్లు మారుస్తారా? ఇంటికి ఫోను ఎప్పుడు చేయనిస్తారు? ఫీజు కట్టేది మనం, మొహమాటం ఎందుకు? జవాబు చెప్పడానికి నసిగే చోట లేడికూనని వదలకండి.

ఇంకో చిన్న ఉపాయం. ఇద్దరి మధ్యా ఒక గుర్తుమాట పెట్టుకోండి. పక్కన ఎవరున్నా ఫోనులో "అమ్మా, మన మల్లెతీగ పూసిందా?" అని అడిగిందంటే "నాకు ఇక్కడ బాలేదు, రా" అని అర్థం. ఆ మాట విన్న రోజున "సర్దుకో తల్లీ, ఫీజు కట్టేశాం" అనకండి. వెంటనే బస్సెక్కండి. ఫీజు మళ్లీ సంపాదించుకోవచ్చు.

డాక్టరు అవసరం ఎప్పుడు?

సున్నితత్వం జబ్బు కాదన్నాం కదా అని అన్నీ దాని ఖాతాలో వేసేయకూడదు. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల బయట నెలల తరబడి ఒక్క మాటా మాట్లాడకపోయినా, బడికెళ్లాలంటే రోజూ కడుపునొప్పి, వాంతులు వచ్చినా, తిండి నిద్ర తగ్గిపోయినా, ఇష్టమైన ఆటలు మానేసినా, "నేను లేకపోతే బాగుండు" లాంటి మాట ఒక్కసారి నోట వచ్చినా ఆలస్యం చేయకండి. చెవి సరిగా వినపడక క్లాసులో పలకని పిల్లలూ ఉంటారు. చప్పుళ్లు, బట్టల గరుకు భరించలేకపోవడం ఆటిజంలోనూ కనిపిస్తుంది. ఇది ఏమిటో డాక్టరే తేల్చాలి. 2022 అక్టోబరులో మొదలైన 'టెలి-మానస్' ప్రభుత్వ సేవకి 14416 నంబరు మీద రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. పిల్లలు ఆపదలో ఉంటే 1098 ఉండనే ఉంది. ఈ రెండు నంబర్లూ వంటింటి క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.

ముద్దుపేరు ముద్దుగానే ఉండాలి

చివరగా ఒక హెచ్చరిక. 'లేడికూన' అన్నది మనం అర్థం చేసుకోవడానికి పెట్టుకున్న పేరు, పిల్ల నుదుటి మీద రాసే రాత కాదు. "అది లేడికూన, దానివల్ల ఏమవుతుంది" అన్న రోజున మన ముద్దుపేరుకీ, 'గొర్రె', 'దున్నపోతు' అన్న తిట్లకీ తేడా లేకుండా పోతుంది. పిల్లలు ఒకే జంతువుగా ఉండిపోరు. చెరువు గట్టున పరాయిపిల్లల ముందు బెదిరే కూనే, తమ్ముణ్ణి ఎవరైనా కొడితే ఆడపులి అవుతుంది. ఇష్టమైన పుస్తకం దొరికితే కొంగలా కదలకుండా కూర్చుంటుంది. అవన్నీ చూడండి, చూసినవి చూసినట్టు పిల్లతో చెప్పండి. "ఇవాళ తాతగారి మందు అయిపోయిందని అందరికంటే ముందు నువ్వే గమనించావు" అని ఒక్క మాట. "నువ్వు మెత్తన" అన్న మాట వందసార్లు విన్న చెవులకి, "నువ్వు గమనిస్తావు" అన్న మాట ఎంత హాయిగా ఉంటుందో మీరే చూద్దురుగాని.

ఈ రాత్రి పడుకునే ముందు అడగండి: "ఇవాళ బళ్లో నీకు ఎక్కువ చప్పుడుగా అనిపించింది ఏమిటి?" జవాబు కోసం తొందరపెట్టకండి. లేడికూన కొంచెం ఆగి, చెవులు రిక్కించి, మీరు నిజంగా వింటున్నారని తెలిశాకే దగ్గరికి వస్తుంది.